పసుపు కుండీ పుట్టగొడుగు

పూలకుండీల మట్టిలో మొలిచే పసుపుపచ్చని శిలీంధ్రం. శాస్త్రనామం ల్యూకోకోప్రినస్ బిర్న్‌బామీ. వెచ్చని ప్రాంతాలదే అయినా చలిదేశాల గాజుగదుల్లోనూ, ఇంటి కుండీల్లోనూ స్థిరపడింది. ఇంగ్లండులో జేమ్స్ బోల్టన్ 1788లోనే దీన్ని వర్ణించాడు. అయితే పేరులో నిలిచినవాడు ప్రాగ్ తోటమాలి బిర్న్‌బామ్; 1839లో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు కోర్డా దీనికి అతని పేరు పెట్టాడు.

లేతగా ఉన్నప్పుడు గొడుగు కోలగా, నిమ్మపండు రంగులో ఉంటుంది. విచ్చుకున్నాక 2.5–5 సెంటీమీటర్ల వెడల్పు, అంచున సన్నని గీతలు, పైన చేతికి అంటుకునే పొడి. చూడముచ్చటైనదే గాని ఆయువు తక్కువ, ఒకటి రెండు రోజుల్లో వాడి వాలిపోతుంది.

ఆకు ఎరువు వంటి కుళ్లే పదార్థమే దీని ఆహారం. బతికున్న వేళ్ల జోలికి పోదు కనుక మందులు చల్లడం డబ్బు దండగ. గొడుగు పీకేసినా మట్టిలోని తెల్లని పోగులు మిగిలే ఉంటాయి. తేమ, వెచ్చదనం కుదిరితే మళ్లీ మొలుస్తుంది. పైమట్టి ఆరాకే నీళ్లు పోస్తే కొంత తగ్గుతుంది. ఇది తినదగినది కాదు, కడుపులో వికారం కలిగించవచ్చు. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో కనబడిన వెంటనే పీకి పారేయాలి.