పాత డీజిల్ ఇంజనూ, సీసా మందూ



ప్రత్యేక సంచికకు మన గ్యారేజీల చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. బస్సుల చరిత్ర ఇదివరకే చాలామంది వ్రాశారు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైందనీ, 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడిందనీ మన పిల్లలకు కూడా కంఠస్థమే. అందుచేత నేను బస్సును వదిలి, ట్యాంకులోని డీజిలు సంగతి వ్రాస్తున్నాను. ఉద్యోగమంతా పంపు సెక్షనులో గడిపినవాడిని కనుక నాకు బాగా తెలిసినది అదే.

దీనికి ఒక అవసరం కూడా ఉంది. మనవాళ్ళలో చాలామంది రిటైరైన తరువాత పాత ట్రాక్టరో, జీపో, పొలం మీద ఆయిలింజనో పెట్టుకున్నారు. "ఇప్పటి డీజిల్లో జిడ్డు లేదట, పంపు అరిగిపోతుందట, ఏ సీసా మందు పొయ్యమంటారు?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. పంపు పాడైతే ఆ నెల పెన్షనుకు పెద్ద చిల్లే పడుతుంది. కనుక వారి భయాన్ని తేలికగా తీసివేయలేము. అది పుకారు కాదు, దానికొక చరిత్ర ఉంది.

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇటువంటి ఇంజను ఒకటి వేరుశెనగ నూనెతో నడిచింది. మన అనంతపురం మిత్రులు గర్వించదగ్గ విషయమే! అయితే ఆ కాలపు ఇంజన్లు ఇంధనాన్ని కంప్రెసరు గాలితో లోపలికి చిమ్మేవి. వాటిని లారీలో పెట్టడం అయ్యే పని కాదు. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక డీజిలు రోడ్డు మీద బాగా వ్యాపించింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో మైకో కంపెనీ ఏర్పడింది. ఆ పేరు తెలియని మెకానిక్ మనలో లేడు.

పంపు లోపల ఉండే ఎలిమెంటును చూసినవారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. ప్లంజరుకూ బారెలుకూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అక్కడికి ఇంజనాయిలు చేరదు. ఆ రెండు ఇనుప ముక్కలు రాసుకోకుండా కాపాడేది డీజిలు ఒక్కటే. మన బస్సుల ఇన్‌లైన్ పంపులో కింద ఉండే క్యామ్ భాగానికైనా ఇంజనాయిలు అందేది. చాలా ట్రాక్టర్లలో, చిన్న బండ్లలో ఉండే రోటరీ పంపుకు ఆ ఆధారం కూడా లేదు, అది మొత్తం డీజిలులోనే మునిగి తిరుగుతుంది. కనుక నన్ను ఎవరైనా సలహా అడిగితే, ముందు నేను అడిగేది "పంపు ఏ రకం?" అనే.

ఇక గంధకం సంగతి. 1990ల మధ్య వరకు మన దేశపు డీజిలులో గంధకం 1 శాతం దాకా ఉండవచ్చు. అంటే పది లక్షల పాళ్ళలో పదివేలు. 2000 నాటికి అది 0.25 శాతానికి దిగింది. హైదరాబాదుతో సహా పెద్ద నగరాలలో 2005లో 350 పాళ్ళకూ, 2010లో 50 పాళ్ళకూ తగ్గింది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా 50, 2020 ఏప్రిల్ 1 నుంచి 10. మన సర్వీసు తొలినాళ్ళతో పోలిస్తే వెయ్యో వంతు!

గంధకం పోతే జిడ్డు పోయిందని అందరూ అంటారు. అసలు కారణం అది కాదు. రిఫైనరీలో హైడ్రోజన్‌తో గంధకాన్ని తొలగించేటప్పుడు, ఇనుమును అంటిపెట్టుకుని పొరలా కాపాడే ఆక్సిజన్, నైట్రోజన్ పదార్థాలు కూడా దానితోపాటే పోతాయి. పంపుకు నష్టం వాటి వల్లనే. స్వీడన్ దేశం 1991లోనే 10 పాళ్ళ డీజిలు తెచ్చింది, పంపులు అరిగిపోవడం మొదలైంది. కొవ్వు ఆమ్లాల వంటి జిడ్డు మందును కొద్ది మోతాదులో కలిపితే ఆ బాధ తీరింది. దీన్ని కొలవడానికి ఒక పరీక్ష కూడా వచ్చింది. 60 డిగ్రీల డీజిలులో 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును 200 గ్రాముల బరువుతో పలక మీద సెకనుకు 50 సార్లు, 75 నిమిషాల పాటు రుద్దుతారు. గుండు మీద పడిన మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. మన భారతీయ ప్రమాణంలోనూ ఇదే హద్దు.

అంటే మీరు బంకులో పోయించుకునే డీజిలు ఈ హద్దులోపల ఉండితీరాలి. అందుకు కావలసిన మందు బంకుకు రాకముందే కలుస్తుంది. దాని మీద మీరు మరో సీసా పోస్తే పాత రోటరీ పంపుకు కొంత మేలు జరగవచ్చు. ఇన్‌లైన్ పంపుకు అది కూడా అనుమానమే.

అమెరికా అనుభవం ఇంకొకటి ఉంది. 1993 అక్టోబరులో అక్కడ కొత్త డీజిలు రాగానే పాత బండ్ల పంపులు కారడం మొదలుపెట్టాయి. పాత డీజిలులో ఏళ్ళ తరబడి ఉబ్బిన రబ్బరు సీళ్ళు కొత్త డీజిలులో కుంచించుకుపోయాయి. ఈమధ్య మా వీధిలో ఒకాయన తన ట్రాక్టరు పంపు తడిసిపోతోందని రెండు రకాల సీసాలు పోసి, చివరికి నా దగ్గరకు వచ్చారు. "బాబాయ్, సీలు గట్టిపడి బిగుసుకుపోతే సీసా ఏం చేస్తుంది? సీళ్ళు మార్పించండి" అన్నాను. మార్పించారు, కారడం ఆగింది.

పాత డీజిలే మంచిదని వాదించే మిత్రులతో నాకు పేచీ ఉంది. ఆ గంధకమే మండి, నీటి ఆవిరితో కలిసి ఆమ్లమై మన లైనర్లను, రింగులను తినేసేది. ఇంజనాయిలు అంత త్వరగా మార్చవలసి రావడానికి అదొక ముఖ్య కారణం. పంపుకు కాస్త ఇబ్బందైనా ఇంజనుకు మాత్రం ఈ డీజిలే సుఖం.

సీసా కొనేవారు దాని మీద ఏం వ్రాసి ఉందో చదవండి. జిడ్డు కోసమైతే 'లూబ్రిసిటీ' అనే మాట ఉండాలి. 'సీటేన్' మందు స్టార్టింగు కోసం, అరుగుదలకు కాదు. మన ప్రమాణంలో సీటేను సంఖ్య 48 నుంచి ఇదివరకే 51కి పెరిగింది. చలికి గడ్డకట్టకుండా చేసే మందుతో మనకు పనిలేదు. నీటిని కరిగిస్తామంటూ ఆల్కహాలు కలిపినవి అసలే వద్దు, నీరు నాజిలు దాకా వెళ్తుంది. డీజిలులో వాడేసిన ఇంజనాయిలు పోసే పాత అలవాటు ఇంకా కొందరికి ఉంది. అందులోని మసి, ఇనుప రజను ఫిల్టరును పూడ్చేస్తాయి. కె.ఎం.పి.ఎల్. పెరుగుతుందనే మాట ఏ సీసా మీద ఉన్నా నేను పట్టించుకోను. డిపోలో కె.ఎం.పి.ఎల్. పెరిగింది టైర్లలో గాలి, నాజిళ్ళ పరీక్ష, డ్రైవరు కాలు వీటి వల్లనే.

పంపును తొందరగా చంపేవి నీరు, దుమ్ము. వానాకాలంలో రాత్రిపూట ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే గాలిలోని తేమ నీరై అడుగుకు దిగుతుంది. ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు తయారవుతుంది. ఉదయం స్టార్టు చేయకముందే ఫిల్టరు గిన్నె అడుగు మర వదులు చేసి, నీరు పోయి శుభ్రమైన డీజిలు వచ్చేదాకా వదలండి. ఏడాదిగా కదలని ఇంజనైతే పాత డీజిలు తీసేసి, ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చండి. తరువాత చేతిపంపు కొట్టి గాలి పూర్తిగా తీసి, అప్పుడు సెల్ఫు కొట్టండి.