ఆడి నెల అంబలి

జూలై నడిమికి ఆడి నెల వచ్చిందంటే పుదుచ్చేరి, తమిళనాడు ఊళ్ళలో మారియమ్మ గుళ్ళ ముందు పెద్ద గుండిగలు పొయ్యెక్కుతాయి. వాటిలో ఉడికేది రాగి అంబలి. తమిళులు కూళు అంటారు.

దీనికి ముందురోజే పని మొదలవుతుంది. రాగిపిండిని నీళ్ళలో జారుగా కలిపి రాత్రంతా పులియనిస్తారు. మర్నాడు నూకలు ఉడికాక, పులిసిన పిండిని పోసి, అడుగంటకుండా తెడ్డుతో కలియబెడతారు. చల్లారాక మజ్జిగ పోసి, ఉప్పు, తరిగిన చిన్న ఉల్లిపాయలు వేసి వడ్డిస్తారు. నంజుకోవడానికి మునగాకు కూర, ఎండుచేపల పులుసు. రాయలసీమలో పెరిగినవారికి ఈ రుచి కొత్తేమీ కాదు.

ఎముకలకు ఇంతకంటే మేలైన వడ్డన దొరకడం కష్టం. రాగులు, మునగాకు, మజ్జిగ, ముల్లుతో సహా నమిలే చిన్నచేపలు, అన్నింట్లోనూ కాల్షియం ఉంది. జాతర పెట్టినవారికి ఆ పేరు తెలియదు. 1937లో కూనూరు పోషకాహార పరిశోధనశాల నుంచి డబ్ల్యూ. ఆర్. ఐక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు వెలువరించాడు. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అది 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మరపట్టిన బియ్యంలో 10 కూడా లేదు.

అయినా గెలిచింది బియ్యమే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. 2011లో తమిళనాడు రేషన్ బియ్యాన్ని ఉచితం చేసింది. ఆకలి తీర్చిన పథకాలివి, వాటిని తప్పుపట్టలేం. కానీ ఏడాది పొడుగునా పేదింటి పొయ్యి మీద ఉన్న సంకటి, అంబలి మెల్లగా పండగకో, జాతరకో పరిమితమయ్యాయి.

ఆ మార్పు తర్వాత మన ఒంట్లో ఏముందో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు చూశారు. సి. వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో పట్నంలోనూ పల్లెలోనూ కాల్షియం తిండి చాలడం లేదని, తిండిలో ఫైటేట్ ఎక్కువుందని తేలింది. ఫైటేట్ ధాన్యాల్లో ఉండే పదార్థం. పేగుల్లో కాల్షియాన్ని పట్టి ఉంచి, ఒంటికి అందకుండా చేస్తుంది. విటమిన్ డి కూడా ఇద్దరికీ తక్కువే. పొలాల్లో ఎండన పడి పనిచేసే పల్లెవాళ్ళకు కాస్త నయం. తిరుపతి ఎండలో ఆ విటమిన్ బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 వరకేనని అదే వైద్యులు చెప్పారు. సరిగ్గా మనం నీడ వెతుక్కునే వేళ అది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఆ ఎండ పనిచేయదు.

2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 600 యూనిట్ల విటమిన్ డి కావాలంది. ఎముకల సాంద్రత తగ్గినవారికి తిండి చాలకపోతే డాక్టర్లు మాత్రలు రాస్తారు. కాల్షియాన్ని ఒక్క పూటకు 500 మిల్లీగ్రాములు దాటకుండా విడదీసి వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది. 60,000 యూనిట్ల విటమిన్ డి మాత్ర సాధారణంగా వారానికొకటి, డాక్టరు చెప్పినన్ని వారాలే. పొరపాటున రోజూ మింగితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇప్పుడు రాగులు మళ్ళీ అంగళ్ళకొచ్చాయి, ఎక్కువగా చక్కెర కలిపిన మాల్ట్ పొడిగా. వేడిపాలలో కలిపితే రెండు నిమిషాల పని. ఆడి అంబలిలో రాత్రంతా పులియబెట్టడం రుచి కోసమే అనుకుంటారు చాలామంది. ఆ పులుపులోనే ఫైటేట్ విరిగి, రాగిలోని కాల్షియం ఒంటికి కాస్త ఎక్కువగా అందుతుంది. పొడి డబ్బాతో ఇంటికొచ్చిన రాగికి ఆ ఒక్క రాత్రి కరువైంది.