సాలీటిపై మోపిన నింద



కోనసీమలో శరీరముపై మంటతో పొక్కులు లేచెనా, 'సాలీడు పాకినది' అను తీర్పు వెంటనే వెలువడును. పిమ్మట గోడమీది సాలీటికి చీపురుదెబ్బ తప్పదు. ఈ తీర్పు నిన్న మొన్నటిది కాదు. దాని పుట్టుక నొకింత విచారింతము.

సంస్కృతమున సాలీటికి 'లూత' యని పేరు. చర్మముపై లేచు ఒక రోగమునకును ఆ పేరే చెల్లినది. సుశ్రుతసంహిత కల్పస్థానమున లూతలు 16 విధములని చెప్పబడినది. అందు ఎనిమిదింటి విషము కష్టసాధ్యము. తక్కిన ఎనిమిదింటిది అసాధ్యము. కాటుచేతనే గాక లాలాజల మూత్రాదులచేతను ఆ విషము సంక్రమించునని ఆ గ్రంథము తెలుపుచున్నది. మన తెలుగునాటనే శ్రీకాళహస్తిలో సాలీడు శివభక్తులలో నొకటిగా పూజ నందినది. ఒకచోట భక్తుడు, వేరొకచోట దోషి!

నేటి శాస్త్రము అసలు దోషిని కనిపెట్టినది. అది చీమను పోలిన చిన్నపురుగు. తల నలుపు, నడుము ఎరుపు, తోక కొన నలుపు. దీని శాస్త్రనామము పీడెరస్. వరిచేల తడినేల దీనికి నెలవు. పైరును పాడుచేయు పురుగులను తిని రైతునకు మేలే చేయును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు పారిన కోనసీమలో చేనికిని ఇంటికిని దూర మెంత? రాత్రి దీపపు వెలుగునకు అది లోనికి వచ్చును. కుట్టదు, కరవదు. మెడమీద వ్రాలినదానిని మనము నలిపినచో దాని శరీరరసము చర్మమును కాల్చును. పొక్కులు వెంటనే లేవవు. ఒక దినము గడచిన పిమ్మట లేచును. అప్పటికి పురుగు జాడ యుండదు, గోడమీద సాలీడు మాత్ర ముండును. నింద దానిపై పడును. ఇంగ్లీషువారును ఈ పొక్కులకు 'స్పైడర్ లిక్', అనగా సాలీడు నాకుడు, అని పేరు పెట్టి మనవలెనే మోసపోయిరి.

మన యిండ్లలోని పెద్ద గోధుమరంగు సాలీడు గూడు అల్లదు, బొద్దింకలను వేటాడును. లిన్నేయసు పండితుడు 1767లోనే దీనికి పేరు పెట్టెను. దాని కాటు నొప్పి పెట్టును గాని ప్రాణాపాయము కాదు. తీవ్రవిషము గల సాలీళ్లు మన దేశమున లేకపోలేదు. 1899లో పోకాక్ పండితుడు గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన ఒక నీలివర్ణపు సాలీటిని లోకమునకు పరిచయము చేసెను. దాని కాటు మిక్కిలి బాధాకరము. కాని అది చెట్టుతొఱ్ఱలలో దాగు పిరికి ప్రాణి. మరల 2001లో గాని నంద్యాల, గిద్దలూరుల నడిమి అడవిలో కనబడలేదు. నేడు అది మనకు భయకారణము కాదు. అంతరించునేమో యని మనమే దానికై భయపడవలసియున్నది.

ఇక గృహస్థులు చేయదగినవి. వారమున కొకమారు బూజుకర్రతో మూలలు దులుపుడు. కొబ్బరిడొక్కలు, కట్టెలు గోడ కానించి పేర్చకుడు. కిటికీలకు సన్నని వల బిగింపుడు. ఒడలిపై వ్రాలిన పురుగును నలుపక ఊది తోలుడు. నలిగినచో సబ్బునీట కడుగుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. రాత్రి నేలపై పరుండినవానిని కట్లపాము కరచినచో నొప్పియు వాపును అంతగా నుండవు. 'ఏదో సాలీడు కుట్టియుండును' అని పసరు పూసి తెల్లవారువరకు ఊరకున్న యింట, రెప్పలు వ్రాలి, మాట తడబడి, ఊపిరి నిలిచిపోవచ్చును. కుట్టిన దేదో తెలియనప్పుడు ఆ తప్పును సాలీటిపై మోపి నిద్రింపకుడు. ఆ క్షణముననే ఆసుపత్రికి కొనిపొండు. నిరపరాధిని దండించుట చిన్న దోషమే కావచ్చును. ఆ నిందచాటున అపరాధి తప్పించుకొనుట మాత్రము ప్రాణములతోడి పని.