ఓర్చుకో అనే మాటకు కాలం చెల్లింది



ఈ ఏడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో ఆరోగ్యం గురించి మాట్లాడుకున్నప్పుడు ఒక అక్క తన కష్టం చెప్పింది. నెల తప్పిన కొత్తలో ఒక దవాఖానలో అబార్షన్ చేయించుకుందట. నొప్పికి ఏడిస్తే "అప్పుడు తెల్వదా, ఓర్చుకో" అన్నరట. ఆ మాట విని చాలామంది తలలు దించుకున్నరు. తమకూ అట్లనే జరిగిందన్నరు. అందుకే నొప్పి తగ్గించే మందు ఎట్ల వచ్చిందో ఇక్కడ రాస్తున్నాం.

మన ఊర్లు నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు, 1888, 1889లో హైదరాబాదులో క్లోరోఫాం మత్తు మీద పరీక్షలు జరిగాయి. వాటిని డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. ఆయన దగ్గర హైదరాబాదులోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు డాక్టరమ్మ అయ్యారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు. ఇది మనకు గర్వకారణం.

క్లోరోఫాం మనిషి మొత్తాన్ని నిద్రపుచ్చేది. ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. ఒక్క చోటనే మొద్దుబార్చే మందు వేరు. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్ తయారుచేశాడు. పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చే సూదిలో ఎక్కువగా ఉండేది ఇదే.

మందు వచ్చినా మన ఆడవాళ్లకు అందలేదు. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం, ప్రాణం కాపాడటానికి తప్ప అబార్షన్ నేరం. చాటుగా చేయించుకుని చనిపోయినవాళ్లు ఎందరో. 1971లో కొత్త చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. గీకి తీసే పద్ధతికి బదులుగా, మెత్తటి గొట్టంతో పీల్చి తీసే పద్ధతి వచ్చింది. దీనికి నిద్ర మత్తు మామూలుగా అవసరం లేదు.

ముందు ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర ఇస్తరు. తర్వాత గర్భసంచి మూతి చుట్టూ లిగ్నోకెయిన్ సూది వేసి కొన్ని నిమిషాలు ఆగుతరు. నొప్పి పూర్తిగా పోదు, కడుపులో పట్టినట్టు ఉంటది, కానీ బాగా తగ్గుతది. 14 వారాల లోపు చేసే అబార్షన్‌కు ఈ రెండూ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఇంతకుముందు ఏదైనా సూది పడకపోయినా, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నా డాక్టరుకు ముందే చెప్పాలె.

18 ఏండ్లు నిండిన మనిషికి తన సంతకమే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. పేరు బయటపెట్టకూడదని 2021 సవరణ చెబుతున్నది.

నొప్పి మన తప్పుకు శిక్ష కాదు. అనుమతి ఉన్న దవాఖానకే పోదాం. "నొప్పి మాత్ర, మత్తు సూది ఇస్తరా?" అని పనికి ముందే అడుగుదాం. అడగలేని చెల్లె ఉంటే, సంఘం నుంచి ఒకరం వెంట పోదాం.