మందు, అదురు: పత్తి నేలలో ఒక విషలక్షణ చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో ‘మందు’ అన్న మాట రోగిని బతికించే ఔషధానికీ, పురుగును చంపే విషానికీ సమానంగా చెల్లుతుంది. ‘అదురు’ కూడా రెండు లోకాల మాటే. పురుషునికి కుడికన్ను, స్త్రీకి ఎడమకన్ను అదరడం శుభమని శకునశాస్త్రం చెప్పింది. ఆగని కండరాల అదురును వైద్యశాస్త్రం నరాల వ్యాధికో, నరాలపై పనిచేసే విషానికో గుర్తుగా చూసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలల్లో ఈ రెండు మాటలూ ఒకే శరీరంలో కలుసుకున్నాయి. ఆ అదురుకు జరిగిన చికిత్స చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

విషం పనిచేసే తీరు

1958లో కేరళలో పారాథియాన్ కలిసిన ఆహారం తిని వందమందికి పైగా మరణించారు. ఆ ఘటన నేపథ్యంలోనే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం వచ్చింది. పారాథియాన్, మోనోక్రోటోఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫరస్ మందులు. నరం నుంచి కండరానికి ఆజ్ఞ చేరవేసే ఎసిటైల్‌కోలిన్‌ను పని కాగానే విడగొట్టే ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. ఆజ్ఞ ఆగదు. చర్మం కింద కండరపు పోగులు వాటంతటవే అదిరి, పిమ్మట అలసి పట్టు కోల్పోతాయి. ఊపిరి కండరాలదీ అదే గతి.

1987–88లో తెల్లదోమ ఈ నల్లరేగడి నేలల్లో పత్తిని తుడిచిపెట్టింది. విచ్చలవిడి పిచికారీ దోమను అణచకపోగా పెంచింది. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు ఈ రెండు జిల్లాల నుంచి వార్తలకెక్కాయి. అదే 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరళియెద్ద ఒక కొత్త దశను వర్ణించారు. తొలి లక్షణాలు తగ్గాక, విషం సోకిన 1 నుంచి 4 రోజుల మధ్య మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చునని వారు చూపారు. అదురు తగ్గడమే గండం గడవడం కాదని అప్పుడు తేలింది.

చికిత్స: సాధించినది, మిగిలినది

ఉమ్మెత్తలోనూ ఉండే అట్రోపిన్ ఈ విషానికి ప్రధాన విరుగుడు. అది చొంగను, ఊపిరితిత్తుల్లో చేరే స్రావాన్ని తగ్గిస్తుంది, గుండె వేగాన్ని నిలబెడుతుంది. కండరాల అదురుపై మాత్రం దానికి అధికారం లేదు. ఆ లోటు తీర్చడానికే 1955లో విల్సన్, గిన్స్‌బర్గ్ ప్రాలిడాక్సిమ్‌ను ముందుకు తెచ్చారు. 2006లో బారామతి నుంచి వెలువడిన పరిశోధన అధిక మోతాదు మేలు చేస్తుందని చూపగా, 2009లో శ్రీలంక పరిశోధన ఆ మేలును చూపలేకపోయింది. మూర్ఛకు డయాజిపామ్, ఆగే ఊపిరికి వెంటిలేటర్ ఉన్నాయి. అదురుకు నిస్సందేహమైన విరుగుడు నేటికీ లేదు.

పొలంలో అదురు

2003లో మన దేశంలోని 3 పత్తి గ్రామాల్లో మాన్సిని బృందం 50 మంది మహిళా రైతుల చేత, తమకూ తమ ఇంటి మగవారికీ కలిగిన లక్షణాలను నమోదు చేయించింది. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం విషలక్షణాలతో కూడినవే. 6 శాతం పిచికారీల్లో నరాలపై ప్రభావం అతి తీవ్రంగా ఉంది. అయినా వైద్యుని దగ్గరకు వెళ్లినవారు ఒక్కరూ లేరు. అంటే ఆసుపత్రి రికార్డులు ఈ చరిత్రలో ఒక అంచును మాత్రమే చూపుతాయి. తక్కినది ‘మందు కొట్టిన రోజు నలత’గా ఇంటి మాటల్లోనే ఉండిపోయింది.

ముగింపు

ఈ చరిత్ర రెండు విషయాలను తేటపరుస్తుంది. ఒకటి, అదురును తొలిక్షణంలో విషలక్షణంగా గుర్తించి, తడిసిన బట్టలు విడిచి, ఒళ్లు కడిగి ఆసుపత్రికి చేరడం ఏ విరుగుడుకైనా ముందుండవలసిన చికిత్స. రెండు, దాని శాశ్వత నివారణ చేలోనే ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం పురుగుమందులు విడిచి సాగు సాధ్యమని చూపింది. ‘మందు’ అన్న పేరు విషపు భయాన్ని మరుగుపరచినచోట, ‘అదురు’ అన్న మాటకు దాని వైద్యార్థాన్ని జనభాషలో స్థిరపరచడం భాషా పరిశోధకుల బాధ్యత కూడా.