గర్భిణుల రక్తపోటు: మాయ విప్పిన రహస్యం

గర్భిణికి రక్తపోటు పెరిగితే మాయకు రక్తప్రసారం తగ్గుతుందని, బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుందని చాలామంది ఎరుగుదురు. ఇది నిజమే గాని, సగం నిజం. అనేక సందర్భాలలో ముందుగా గాడి తప్పేది మాయ. రక్తపోటు పెరగడం ఆ తరువాతి సంగతి. ఈ వరుసను గుర్తించడానికి వైద్యశాస్త్రానికి వందేళ్ళకు పైగా పట్టింది.

నిండు చూలాలికి మూర్ఛలు రావడాన్ని మనవారు గుర్రపువాతం అన్నారు. గ్రీకు మూలం గల ‘ఎక్లాంప్సియా’ అనే పేరులో మెరుపులా తళుక్కుమనడమనే భావం ఉంది. పేర్లు వేరైనా భయం ఒక్కటే: చెప్పాపెట్టకుండా వచ్చి తల్లినీ బిడ్డనూ కబళించే జబ్బు.

ఇది చెప్పి వచ్చే జబ్బేనని తెలియడానికి తొలి ఆధారం 1843లో లభించింది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్, మూర్ఛలు వచ్చిన గర్భిణుల మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తును కనుగొన్నారు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచీ చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే సాధనాన్ని రూపొందించారు. అది వాడుకలోకి వచ్చాక, మూర్ఛలకు ముందే రక్తపోటు పెరుగుతుందని తేలింది.

మరి కారణమేమిటి? రక్తంలో ఏదో విషం చేరుతోందని భావించి వైద్యులు దీనికి ‘టాక్సీమియా’ అని పేరు పెట్టారు. ఆ విషం దొరకలేదు. పేరు మాత్రం దశాబ్దాలపాటు పాఠ్యగ్రంథాలలో నిలిచిపోయింది. గర్భిణులచేత ఉప్పు మాన్పించారు, నీరు లాగే మందులు ఇచ్చారు. వాటివల్ల వ్యాధి ఆగలేదు.

అసలు ఆధారం ఒక వింత గర్భంలో ఉంది. ముత్యాల గర్భంలో పిండం ఏర్పడకపోయినా, మాయ కణజాలం ద్రాక్షగుత్తిలా పెరుగుతుంది. అటువంటి స్త్రీలకూ ఈ వ్యాధి వస్తుంది. అంటే వ్యాధికి బిడ్డ అవసరం లేదు, మాయ ఉంటే చాలు. 1939లో అమెరికా వైద్యుడు ఎర్నెస్ట్ పేజ్ ఈ విషయాన్ని ఎత్తిచూపి, గర్భాశయానికి రక్తం చాలకపోవడంతో దీనిని ముడిపెట్టారు.

రక్తం ఎందుకు చాలదో 1967, 1972లలో వెలువడిన పరిశోధనలలో బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ వివరించారు. సాధారణ గర్భంలో మాయ కణాలు గర్భాశయపు సర్పిలాకార ధమనులలోకి చొచ్చుకుపోయి, వాటి గోడలలోని కండరాన్ని కరిగించి, సన్నని కాలువలను వెడల్పాటి గరాటాలుగా మారుస్తాయి. ఈ వ్యాధిలో ఆ మార్పు సరిగా జరగదు. ధమనులు ఇరుకుగానే మిగిలిపోతాయి. మాయకు ప్రాణవాయువు తగ్గుతుంది, అక్కడక్కడా కణజాలం చచ్చుబడుతుంది, బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది. ఒక్కొక్కప్పుడు కాన్పుకు ముందే మాయ ఊడిపోతుంది కూడా.

అయితే మాయలోని కష్టం తల్లి దేహమంతటికీ ఎలా పాకుతుంది? 2003లో అమెరికాలో పనిచేస్తున్న భారతీయ వైద్యుడు అనంత్ కరుమంచి బృందం దీనికి సమాధానం చూపింది. ఇబ్బందిపడిన మాయ ఒక మాంసకృత్తును తల్లి రక్తంలోకి అధికంగా విడుదల చేస్తుంది. అది రక్తనాళాల లోపొరను కాపాడే వృద్ధికారకాలను పట్టి బంధిస్తుంది. ఫలితంగా రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నాటి వైద్యులు వెదకిన ‘విషం’ వంటిది నిజంగానే ఉంది. అది పుట్టే చోటు మాయ.

ఈ చరిత్ర తెలిస్తే నేటి చికిత్స అర్థమవుతుంది. రక్తపోటు మాత్రలు తల్లి మెదడులో రక్తస్రావం కాకుండా కాపాడతాయి, మాయను మాత్రం బాగుచేయలేవు. మెగ్నీషియం సల్ఫేటు మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాలలో సాగిన మాగ్‌పై పరిశోధన 2002లో నిరూపించింది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 16 వారాలలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే, నెలలు నిండకముందే వచ్చే వ్యాధి చాలావరకు తగ్గుతుందని 2017లో మరో పరిశోధన తెలిపింది. ఆ నిర్ణయం వైద్యులదే. ఇక వ్యాధికి మూలచ్ఛేదం కాన్పు, దానితోపాటు మాయ వెలుపలికి రావడం. ఆ తరువాత కూడా కొన్నాళ్ళు ముప్పు పొంచి ఉంటుంది గనుక బాలింతనూ కనిపెట్టి ఉండాలి.

కాళ్ళకు నీరు పట్టడం కడుపుతో ఉన్నవారికి మామూలేనని ఇంట్లో పెద్దలు అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కాని ముఖం ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, పొట్ట పైభాగాన నొప్పి వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా, రక్తపోటు 140/90 చేరినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. లీవర్ నాటి మూత్రపరీక్ష, రివా-రోచీ నాటి పట్టీ నేడు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోనూ ఉండవలసినవే. నెలనెలా వాటిని వాడుకుంటే ఈ మెరుపు పిడుగు కాకముందే పట్టుకోవచ్చు.