పట్టువిడుపులు తెలిసిన చక్రం

గాలం మనకు కొత్త కాదు. వెదురు కర్ర, దాని కొసన దారం, దారానికి బెండు, కింద కొక్కెం, కొక్కేనికి వానపాము. కాలవగట్టున పెరిగిన వారందరికీ తెలిసిన సరంజామాయే ఇది. చిన్న చేప పడితే కర్ర ఎత్తి గట్టుమీద వేస్తాం. పెద్ద చేప పడితేనే చిక్కు. దారాన్ని కర్రకు ముడివేశాం కాబట్టి వదలడానికి ఇంకేమీ మిగలదు. చేప లాగుతుంది, మనమూ లాగుతాం, దారం తెగుతుంది. ఈ ఒక్క ఇబ్బంది తీర్చడానికి పుట్టిన సాధనమే రీలు.

రీళ్ళలో చాలా రకాలున్నాయి. వాటిలో 'ఫ్లై ఫిషింగు' అనే పద్ధతిలో వాడే రీలు కథను ఈ ప్రత్యేక సంచికలో సభ్యుల ముందుంచుతున్నాను. మనలో పలువురి పిల్లలు అమెరికా, ఇంగ్లండు దేశాల్లో స్థిరపడ్డారు. వారిలో ఎవరైనా సెలవురోజున ఏటిగట్టుకు పోయేవారుంటే, ఇంటి పెద్దలకు ఈ నాలుగు మాటలూ పనికివస్తాయి.

ముందుగా పద్ధతి సంగతి. ఇందులో కొక్కేనికి ఎర గుచ్చరు. ఈకలు, దారాలు చుట్టి దాన్ని ఈగలాగానో పురుగులాగానో తయారు చేస్తారు. దానికి బరువుండదు కనుక విసిరితే దూరం పోదు. అందుకని తాడునే కాస్త బరువుగా చేసి, పొడవాటి కర్రతో కొరడాలా ఝళిపించి నీటిమీదికి పంపుతారు. తాడు చివర వెంట్రుక వంటి సన్నని పోగు ఉంటుంది. చేపకు కనపడకూడదని ఆ పోగును సన్నగా ఉంచుతారు. కాబట్టి ఈ ఆటలో అన్నిటికన్నా బలహీనమైనది ఆ పోగే. దాన్ని తెగనివ్వకుండా కాపాడటమే రీలు ఉద్యోగం.

గాలానికి చక్రం తగిలించే ఆలోచన తూర్పుదేశాల్లో పాతదే. చైనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో గీసిన బొమ్మలో ఒక జాలరి పడవలో కూర్చుని ఉంటాడు. అతని కర్రకు చిన్న చక్రం స్పష్టంగా కనపడుతుంది. ఇంగ్లండులో 1651లో థామస్ బార్కర్ తన పుస్తకంలో కర్రకు బిగించే ఇటువంటి సాధనాన్ని ప్రస్తావించాడు. ఆపైన రెండు శతాబ్దాలు ఇత్తడితోను, కొయ్యతోను రకరకాల రీళ్ళు వచ్చాయి. అయితే అవన్నీ ముఖ్యంగా తాడు చుట్టి దాచుకునే కండెలే.

నేటి ఫ్లై రీలుకు మూలపురుషుడు ఎవరంటే, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, మాంచెస్టర్ ఊరికి చెందిన చార్లెస్ ఎఫ్. ఆర్విస్ అని చెప్పాలి. ఆయన 1856లో గాలపు కర్రల వ్యాపారం ఆరంభించి, 1874లో ఒక రీలుకు పేటెంటు తీసుకున్నాడు. అది వెడల్పు తక్కువగా, నిలువుగా ఉండి, రెండు ప్రక్కల పలకల నిండా రంధ్రాలు కలిగి ఉండేది. రంధ్రాలు అలంకారానికి కావు. ఆ రోజుల్లో తాడు పట్టుదారంతో చేసేవారు. తడి ఆరకపోతే కుళ్ళిపోయేది. రంధ్రాలవల్ల గాలి ఆడి తాడు ఆరేది, రీలు బరువూ తగ్గేది. దానిని వాల్‌నట్ కొయ్య పెట్టెలో పెట్టి అమ్మేవారు. పట్టుతాడు పోయి 1950లలో ప్లాస్టిక్ పూత తాళ్ళు వచ్చాక కూడా రీళ్ళకు రంధ్రాలు పోలేదు. అవసరం తీరినా ఆచారం నిలిచింది!

రెండవ మహానుభావులు ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని ఆల్నిక్ పట్టణానికి చెందిన హార్డీ సోదరులు. 1872లో తుపాకుల దుకాణంతో మొదలుపెట్టి, తరువాత గాలపు సామగ్రిలో లోకప్రసిద్ధి పొందారు. 1891లో వచ్చిన వారి 'పర్‌ఫెక్ట్' రీలు పేరుకు తగినదే. సైకిలు ఇరుసులో ఉండే ఉక్కు బాల్సు వంటివి అమర్చటంవల్ల చక్రం నిరాటంకంగా తిరిగేది. లోపల పళ్ళచక్రం, దానిమీద స్ప్రింగుతో నొక్కి ఉంచిన చిన్న నాలిక ఉండేవి. చేప తాడు లాక్కుపోతుంటే 'కిర్ర్...' మని మోత వచ్చేది. ఆ మోత అంటే చెవికోసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. నాలిక ఒత్తిడిని తగ్గించుకునే, పెంచుకునే ఏర్పాటు కూడా చేశారు. మధ్యలో కొంతకాలం తయారీ ఆగినా, పర్‌ఫెక్ట్‌ను మళ్ళీ మళ్ళీ తీసుకువచ్చారు. కంపెనీ 2013లో ప్యూర్ ఫిషింగ్ అనే అమెరికా సంస్థ చేతికి వెళ్ళింది.

ఈ కాలంలోనే మన దేశానికీ ఈ సరదా వచ్చింది. మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివాన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథం వెలువరించాడు. అందులో ప్రధాన నాయకుడు మన నదుల్లోని మహసీర్ చేప. కొక్కెం తగలగానే అది తీసే మొదటి పరుగు భయంకరంగా ఉంటుంది. ముడివేసిన దారంతో దాని ముందు నిలవలేం. 1900లో స్కాట్లండు నుంచి ట్రౌట్ గుడ్లు తెప్పించి కాశ్మీరు ఏళ్ళలో పెంచారు. నీలగిరుల్లోను ట్రౌట్‌ను పెంచారు. ఫ్లై ఫిషింగుకు ఆదినుంచీ పేరుపడ్డది ఈ ట్రౌట్ చేపే.

ఇరవయ్యో శతాబ్దంలో నాకు నచ్చిన రీళ్ళు రెండు. ఒకటి, అమెరికాలోని ఆక్రన్ నగరంలో ఫ్లూగర్ కంపెనీవారు 1930 ప్రాంతంలో మొదలుపెట్టిన 'మెడలిస్ట్'. చవక, గట్టి, ఆడంబరం లేదు. మన భాషలో చెప్పాలంటే గుమాస్తా జీతంతో కొనగలిగిన రీలు. రెండవది, న్యూ హాంప్‌షైర్‌లో స్టాన్లీ బోగ్డన్ అనే యంత్రపు పనివాడు స్వయంగా చేసిన సాల్మన్ రీలు. ఆర్డరిచ్చినవారు ఏళ్ళ తరబడి వేచి ఉండేవారు. ఆయన 2011లో, తొంభై దాటిన వయసులో కన్నుమూశారు. ఒకటి వేలమందికి అందింది, మరొకటి కొద్దిమందికే. పనితనంలో మాత్రం రెండూ నిజాయితీ గల సరుకు.

అసలు పరీక్ష సముద్రం దగ్గర ఎదురయింది. ఫ్లోరిడా తీరంలో టార్పన్ అనే చేప మనిషంత బరువు తూగుతుంది. ఏటి చేపలకు చేసిన కిర్రుమనే నాలిక దాని ముందు ఆగదు. అందువల్ల బెండుచెక్క బిళ్ళను లోహపు పలకకు ఒత్తి పట్టుకునే బ్రేకు వాడుకలోకి వచ్చింది. మయామీలో ఫిన్-నార్, సీమాస్టర్ రీళ్ళు ఈ దారిన పేరు పొందాయి. 1976లో టెడ్ యురాసిక్ అనే హంగేరీ వలస పనివాడు, బిల్లీ పేట్ అనే ప్రసిద్ధ వేటగాడి పేరుతో ఒక రీలు తయారు చేశాడు. 1982లో ఆ బిల్లీ పేట్ 188 పౌండ్ల టార్పన్‌ను పట్టాడు. ఆయన కట్టిన పోగు బలం 16 పౌండ్లు మాత్రమే! అంటే పోగు మోయగలిగిన దానికి పదకొండు రెట్లు పైచిలుకు బరువున్న చేప. బలంతో ఇది సాధ్యమయ్యే పని కాదు. ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో తెలిసినందువల్లనే సాధ్యమయింది.

తరువాతి మార్పు చక్రం నడుమ వచ్చింది. పాత రీలులో తాడు చుట్టుకునే ఇరుసు సన్నం. లెక్క చూడండి. చుట్ట వ్యాసం 1 అంగుళమైతే ఒక తిప్పుకు సుమారు 3 అంగుళాల తాడు వస్తుంది. అదే 3 అంగుళాలైతే 9 అంగుళాలు దాటి వస్తుంది. ఇంకొక సంగతి. బ్రేకు బిగింపు మార్చకపోయినా, తాడు పోయి చుట్ట వ్యాసం సగానికి తగ్గితే, దాన్ని లాగడానికి రెట్టింపు బలం కావాలి. అంటే చేప చాలా దూరం పోయినప్పుడు, పోగు తెగే ప్రమాదం ఎక్కువగా ఉన్నప్పుడే, రీలు మరింత మొండికేస్తుందన్నమాట. ఇరుసు లావుచేస్తే ఈ తేడా తగ్గుతుంది. 1980లలో స్వీడన్‌లోని లూప్ వంటి సంస్థలు ఈ లావు ఇరుసు రీళ్ళను తెచ్చాయి. నేడు ఎక్కువ భాగం ఇవే. అదే దశకం చివర కాలిఫోర్నియాలో స్టీవ్ ఏబెల్, విమాన పరిశ్రమకు విడిభాగాలు చేసిన అనుభవంతో, అల్యూమినియం దిమ్మెను మరపట్టి రీళ్ళు చేయసాగాడు. ఇప్పుడు చాలా రీళ్ళలో బ్రేకును నీరు, ఇసుక చొరకుండా మూసివేస్తున్నారు.

మా అమ్మాయి కాపురం అమెరికాలో. అక్కడికి వెళ్ళినప్పుడు మా అల్లుడుగారి దగ్గరున్న పాత మెడలిస్ట్‌నూ, కొత్త రీలునూ వంటింటి బల్లమీద పక్కపక్కన పెట్టి తాడు లాగి చూశాను. పాతది మొదట కాస్త బిగుసుకుని, ఆ తరువాత వదిలింది. కొత్తది మొదటి అంగుళం నుంచీ ఒకే తీరుగా జారింది. పోగు తెగేది ఆ మొదటి బిగుసుకోవడంలోనే. అయితే పాతదాన్ని మరలు విప్పి, తుడిచి, చుక్క నూనె వేసి మళ్ళీ బిగించగలిగాం. కొత్తదాని బ్రేకు విప్పటానికి వీల్లేదు. పాడయితే కంపెనీకి పంపవలసిందే.

పాతదే బంగారం అనడం మన వయసువారికి సులువు. ఈ విషయంలో మాత్రం నేను అలా అనలేను. ఇప్పుడు ఆ దేశాల్లో చాలామంది పట్టిన చేపను తిరిగి నీట వదిలిపెడుతున్నారు. చేపతో ఎక్కువసేపు పెనుగులాడితే అది అలసిపోయి, వదిలిన తరువాత కూడా చనిపోవచ్చు. మంచి బ్రేకు ఉంటే ఆట త్వరగా ముగుస్తుంది, చేప బతుకుతుంది. ఒక ప్రాణం నిలిపే గుణం ముందు నా పాత ఇష్టాలు రెండో స్థానానికే. కాకపోతే కొత్తవారికి ఒక విన్నపం చెయ్యవచ్చు. కొన్నవాడు విప్పి బాగుచేసుకోగలిగినదే తండ్రి నుంచి కొడుక్కు చేరుతుంది. మూసిపెట్టిన యంత్రం ఎంత గొప్పదైనా, విడిభాగాలు దొరికినంతకాలమే దాని ఆయువు.

మీ పిల్లల ఇంట పాత ఆర్విస్, హార్డీ రీలు ఏదైనా ఉంటే చింతపండు పెట్టి తోమి మెరిపించకండి. ఆ నల్లబడిన పైపొర చూసే సేకరించేవారు విలువ కడతారు. పొడిగుడ్డతో తుడిచి, లోపల చుక్క నూనె వేస్తే చాలు. ఎప్పుడైనా వెర్మాంట్ వైపు వెళితే, మాంచెస్టర్‌లో 1968లో స్థాపించిన ఫ్లై ఫిషింగు మ్యూజియం చూసి రండి.

పట్టువిడుపులు ఉండాలని మన పెద్దలు సంసారానికీ, కొలువుకూ చెప్పేవారు. పట్టు నేర్పడానికి వెదురు కర్ర చాలు. విడుపు నేర్చుకోవడానికి ఇంతమంది పనివారికి ఇన్ని వందల ఏళ్ళు పట్టింది.